కౌజుపిట్ట వెనక్కి నడవలేదు

అనగనగా ఒక అడవిలో అందరికీ భయమే, ఒక్క ముళ్లపందికి తప్ప. అలా అని అందరూ అనుకునేవారు. అనుకున్నదంతా నిజమో కాదో కథ అయ్యాక మీరే చెప్పాలి. ఒరేయ్ మధూ, ఆ దిండు వదిలి లేచి కూర్చో. ఇది పడుకుని వినే కథ కాదు, వెన్ను నిటారుగా పెట్టి వినే కథ.

ఆ ముళ్లపంది పేరు శూలయ్య. రాళ్లగుట్ట కింద ఆయనకో పెద్ద బొరియ ఉండేది. దాని నిండా గింజలే. కొర్రలు, సామలు, జొన్నలు. ఎవరింట్లో గింజలు నిండుకున్నా శూలయ్య దగ్గరికే పరిగెత్తేవారు. ఆయన గంపెడు గింజలు అప్పిచ్చేవాడు. ఆ గంప తిరిగిచ్చేదాకా ప్రతి పున్నమికీ తవ్వెడు గింజలు వడ్డీ కట్టాలి. తవ్వంటే ఏంటని చూస్తున్నావా పావనీ? రెండు సోలలు కలిస్తే ఒక తవ్వ. మనం అన్నానికి బియ్యం కొలిచే గ్లాసు ఉంది చూడు, అది సోల అనుకో. రెండు గ్లాసులు తవ్వ. ఏనుగుకి అది పంటి కిందకి కూడా రాదు. పిట్టకి మాత్రం కొండంత.

ఒక్క పున్నమి వడ్డీ తప్పితే ఇల్లు శూలయ్యది అయిపోతుంది. గూడైతే గూడు, పొదైతే పొద.

ఇంకో ఆచారం కూడా ఉండేది. వడ్డీ తెచ్చినవాళ్లు గుమ్మంలో గింజలు పోసి, నోరు మూసుకుని, తల దించుకుని, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ పోవాలి. శూలయ్యకి వీపు చూపించకూడదు.

"నోరెత్తితే ఆయనకి కోపమొస్తుంది. కోపమొస్తే ముళ్లు బాణాల్లా విసురుతాడు. వీపు తిప్పావో, వీపు జల్లెడే!" అని చెప్పుకునేవారు.

ఎవరి వీపు జల్లెడైందో చూసినవాళ్లు ఒక్కరూ లేరు. అయినా తాతల నాటి నుంచి అందరూ వెనక్కే నడిచేవారు. రాయి తగిలి పడేవారు, లేచి దులుపుకునేవారు, మళ్లీ వెనక్కే నడిచేవారు. ఆ అడవిలో గొర్రెలు లేవు కానీ గొర్రెదాటు మాత్రం ఉండేది.

ఆ అడవి అంచున, గడ్డిలో, ఒక పొద కింద కౌజుపిట్ట ఉండేది. పేరు నాంచారమ్మ. గుప్పెడంత ఒళ్లు, మట్టిరంగు ఈకలు. చూడటానికి ఏమంత ఉండదు. కానీ మాటంటే మాటే. ఒక వేసవిలో గడ్డికి నిప్పంటుకుని దాని గింజలన్నీ మాడి బూడిదయ్యాయి. అప్పుడు వెళ్లి శూలయ్య దగ్గర గంపెడు కొర్రలు తెచ్చుకుంది. ఆనాటి నుంచి ఒక్క పున్నమి తప్పలేదు. మండుటెండలో కట్టింది. వణికే చలిలో కట్టింది. కాలికి ముల్లు గుచ్చుకున్న నెలలో కుంటుకుంటూ వచ్చి మరీ కట్టింది. కానీ కట్టిందంతా వడ్డీకే సరి. అసలు గంప అలాగే కూర్చుంది.

నాంచారమ్మకి చిన్న చిన్న పిల్లలు బోలెడు. ఆకాశంలో గద్ద తిరిగి, దాని నీడ పొద మీద పడిందా, నాంచారమ్మ ఈకలన్నీ నిక్కబొడుచుకునేవి. ఒళ్లు రెండింతలయ్యేది. పిల్లలు చూసి, "అమ్మకి కోపమొచ్చిందర్రోయ్!" అనేవారు.

"కోపం కాదర్రా, భయం. భయమేసినప్పుడు ఒళ్లు పెద్దగా చూపించాలనిపిస్తుంది. అంతే," అనేది నాంచారమ్మ.

ఈ మాట కొంగుకి ముడేసుకోండి. మళ్లీ పనికొస్తుంది.

వానాకాలం దగ్గరపడింది. నాంచారమ్మ తన గింజల కుప్ప ముందు కూర్చుని లెక్క చూసుకుంది. గుండె జారిపోయింది. పున్నమి పున్నమికీ తవ్వెడు కడుతూ పోతే వానలు సగంలో ఉండగానే కుప్ప ఖాళీ. జడివానలో పిల్లల్ని మేతకి తిప్పితే తడిసి చస్తారు. పోనీ వడ్డీ ఎగ్గొడదామా అంటే పొద పోతుంది. పొద పోతే నెత్తిన గద్ద. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

అప్పుడే పక్క పొదలోంచి కుందేలు పోలయ్య వచ్చాడు. ఆయనా శూలయ్య దగ్గర అప్పు చేసినవాడే.

"తమ్ముడూ, వడ్డీ తగ్గించమని శూలయ్యని అడుగుతాను," అంది నాంచారమ్మ.

పోలయ్య చెవులు రెండూ వాలిపోయాయి. "అమ్మో! అడుగుతావా? ఆయన ముళ్లు చూశావా అక్కా? అయినా మనం అప్పు తెచ్చుకున్నవాళ్లం. వడ్డీ తగ్గించమని అడగడం నామోషీ కాదూ? పరువు పోదూ?"

"అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. శూలయ్య మా అమ్మ కూడా కాదు కదా," అంది నాంచారమ్మ.

మర్నాడు పొద్దున్నే బయల్దేరింది. బొరియ గుమ్మంలో తొండ తాతారావు కూర్చున్నాడు. తొండలన్నీ తల కిందికీ పైకీ ఊపుతాయి కదా? ఈయన మాత్రం అడ్డంగా ఊపడం నేర్చుకున్నాడు. అందుకే శూలయ్య పిలిచి మరీ ఉద్యోగమిచ్చాడు.

"అన్నా, వడ్డీ కాస్త తగ్గించమని అయ్యగారికి చెప్పవా?" అంది నాంచారమ్మ.

తాతారావు తల అడ్డంగా ఊపాడు. "కుదరదు."

"పిల్లలుగలదాన్ని."

"అందరికీ పిల్లలున్నారు. కుదరదు."

"వానలొస్తున్నాయన్నా."

"నీ ఒక్కదానికేనా వానలు? కుదరదంటే కుదరదు."

నాంచారమ్మ ఏడ్చేసింది. "నీ కాళ్లు పట్టుకుంటాను, కనికరించన్నా," అంది. తాతారావుకి మీసం లేదు కానీ, ఉంటే మెలేసేవాడే. గడ్డం ఎత్తి ఎటో చూశాడు. చేసేదేం లేక నాంచారమ్మ తల దించుకుని వెనక్కి వెనక్కి నడిచింది. నడిచి నడిచి బురదగుంటలో వెల్లకిలా పడింది. దారిన పోయేవాళ్లు కిసకిసా నవ్వారు.

ఇంటికొచ్చి పొదలో మూల నక్కింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది. పిల్లలు చుట్టూ చేరి ముక్కులతో బురద తీసేస్తుంటే దానికి ఇంకా దుఃఖమొచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్లు తుడుచుకున్నాక ఒక సంగతి తట్టింది.

"నేనేం తప్పు చేశాను? దొంగతనం చేశానా? ఒక్క పున్నమి ఎగ్గొట్టానా? లేదే! అడవిలో నా అంత సరిగ్గా కట్టేది ఎవరు? మరి దొంగలాగా ఎందుకేడ్చాను? నేను అడగాల్సింది కనికరం కాదు. నాకు తగిన వడ్డీ."

అలా ఉండాలి! చెబుతుంటే నాకే ఒళ్లు పులకరిస్తోంది.

మర్నాడు నాంచారమ్మ శూలయ్య దగ్గరికి వెళ్లలేదు. ముందు వాగు దాటింది. వాగు అవతల పందికొక్కు బంగారయ్య కొత్తగా గింజల కొట్టు పెట్టాడు. ఆయనా గంపలు అప్పిస్తున్నాడని విన్నది. విన్నదాన్ని పట్టుకుని ఊగిపోలేదు. తానే వెళ్లి అడిగింది.

"బంగారయ్యగారూ, గంపకి పున్నమి వడ్డీ ఎంతండీ?"

"సోలెడే తల్లీ, సోలెడే! రా, లోపలికి రా."

"ఈ వానాకాలం ఒక్కటేనా, ఎప్పటికీనా?"

బంగారయ్య మీసాలు కదిలాయి. "అమ్మో, నువ్వు గట్టిదానివే! వేళకి కట్టేవాళ్లకి ఎప్పటికీ సోలెడే."

"మీ గంప తీసుకెళ్లి శూలయ్యగారి బాకీ తీర్చేసుకోవచ్చా?"

"నీ ఇష్టం. నా సోలెడు నాకొస్తే చాలు."

నాంచారమ్మ ఆలోచించింది. వానాకాలంలో వాగు పొంగుతుంది. గింజలు మోసుకుంటూ వాగు మీదుగా ఎగరడం కష్టమే. ఇక్కడే తగ్గితే అంతకంటే మేలు లేదు. తగ్గకపోతే ఇంకో దారి ఉందని మాత్రం తెలిసింది. ఇంకో దారి ఉందని తెలిస్తే కాళ్లకి బలమొస్తుందర్రా.

పున్నమి రోజు వచ్చింది. నాంచారమ్మ తవ్వెడు గింజలు మూటగట్టుకుని శూలయ్య గుమ్మానికి వెళ్లింది. వడ్డీ ముందు కొలిచి పోసింది. ఆ తర్వాత తల ఎత్తి అంది, "తాతారావన్నా, నా వడ్డీ తగ్గించమని అడగడానికి వచ్చాను."

తాతారావు తల అడ్డంగా ఊగింది. "మొన్న చెప్పాగా. కుదరదు."

ఈసారి నాంచారమ్మ ఏడవలేదు. "అన్నా, ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. తగ్గించే అధికారం నీకుందా?"

తాతారావు తల ఊగడం ఆగిపోయింది. ఉద్యోగంలో చేరాక ఆగడం అదే మొదటిసారి. "నాకు... నాకు కాదనే అధికారం ఉంది," అన్నాడు.

"అయితే అవుననే అధికారం ఉన్నవాళ్లతోనే మాట్లాడతాను. అయ్యగారిని పిలువు."

"అయ్యగారు నిద్రపోతున్నారు. రేపు రా."

"రేపొస్తే రేపు కూడా ఇదే మాట చెబుతావు. ఆయన లేచేదాకా కూర్చుంటాను."

కూర్చుంది. గుమ్మానికి ఎదురుగా, కాళ్లు ముడుచుకుని, మెడ నిటారుగా పెట్టి కూర్చుంది. వడ్డీ కట్టడానికి ఒక్కొక్కరే వచ్చారు. ఉడుతలు, జింకలు, అడవికోళ్లు. గింజలు పోసి వెనక్కి నడుస్తూ, దాన్ని చూసి ఆగిపోయారు. "ఏమైందే నీకు? పిచ్చిగానీ పట్టిందా?" అని గుసగుసలాడారు. కుందేలు పోలయ్య కూడా వచ్చి బతిమాలాడు. "అక్కా, నీకు దండం పెడతాను, లేచి రా. పిల్లలు దిక్కులేనివాళ్లయిపోతారు!"

"పిల్లల కోసమే కూర్చున్నాను తమ్ముడూ," అంది నాంచారమ్మ.

పొద్దు వాలింది. బొరియలో గలగలమని చప్పుడైంది. శూలయ్య ఒళ్లు విరుచుకుంటూ బయటికి వచ్చాడు. గుమ్మంలో ఎదురుగా తల ఎత్తి కూర్చున్న పిట్టని చూసి కళ్లు నులుముకున్నాడు. ఆయన గుమ్మంలో తల ఎత్తినవాళ్లు అంతకుముందు లేరు మరి.

"ఎవరది?"

"నేనండీ అయ్యగారూ. కౌజుపిట్ట నాంచారమ్మని. నిప్పుకి గడ్డి కాలిన ఏడు మీ దగ్గర గంపెడు కొర్రలు తెచ్చుకున్నాను. నాటి నుంచి నేటి దాకా ఒక్క పున్నమి తప్పలేదు. మీకు తెలియకపోతే మీ తాతారావుని అడగండి."

శూలయ్య తాతారావు వైపు చూశాడు. తాతారావు, పాపం, చాలా ఏళ్ల తర్వాత తల కిందికీ పైకీ ఊపాడు.

"బాగానే కట్టావు. అయితే ఏంటి?"

"వడ్డీ తవ్వెడు ఎక్కువండీ. సోలెడుకి తగ్గించండి."

ఎవరో అమ్మో అన్నారు. శూలయ్య గొంతు పెంచాడు. "తగ్గించనంటే?"

"వాగవతల బంగారయ్యగారు సోలెడుకే ఇస్తున్నారు. స్వయంగా అడిగి వచ్చాను. ఆ గంప తెచ్చి మీ గంప మీకు అప్పజెప్పేస్తాను."

"వాగు పొంగితే ఎలా పోతావు?"

"నాకు రెక్కలున్నాయండీ."

అంతే! శూలయ్య ముళ్లన్నీ ఒక్కసారి లేచాయి. గలగలగల! ఆయన ఒళ్లు రెండింతలైంది. కుందేలు పోలయ్య అందరికంటే ముందు పరుగు. ఉడుతలు చెట్లెక్కేశాయి. తాతారావు రాయి కింద దూరాడు. గుమ్మంలో మిగిలింది గుప్పెడంత నాంచారమ్మ ఒక్కతే. దానికి భయం లేదనుకుంటున్నారా? బోలెడు భయం. దాని ఈకలు కూడా నిక్కబొడుచుకున్నాయి.

అప్పుడు దానికి తన ఈకలు కనబడ్డాయి. ఎదురుగా ఆయన ముళ్లు కనబడ్డాయి. రెండూ ఒకటే! గద్ద నీడ పడితే తన ఒళ్లు ఎలా ఉబ్బుతుందో, ఆయన ఒళ్లూ అలాగే ఉబ్బింది. జాగ్రత్తగా చూసింది. శూలయ్య కాళ్లు ముందుకి రావడం లేదు. వెనక్కి పడుతున్నాయి. ఒక అడుగు, ఇంకో అడుగు, బొరియలోకి. అవునర్రా! అడవినంతా వెనక్కి నడిపించిన శూలయ్య, గుప్పెడు పిట్ట ముందు తానే వెనక్కి నడుస్తున్నాడు!

"అయ్యగారూ, భయపడకండి," అంది నాంచారమ్మ మెల్లగా.

శూలయ్య ఆగిపోయాడు. "భయమా? నాకా?" అన్నాడు. గొంతు కీచుమంది.

"తప్పేముందండీ, నాకూ భయమే. చూడండి నా ఈకలు. మీ గంప మీకు తిరిగొచ్చేస్తే వానల్లో ఆ గింజలు ఏం చేస్తారు? బొరియలో చెమ్మ తగిలి బూజు పడతాయి. వేళకి వడ్డీ తెచ్చే మనిషి ఒకరు తగ్గుతారు. అదే కదా మీ దిగులు? నాకు వెళ్లిపోవాలని లేదు. ఉండనివ్వమనే అడుగుతున్నాను."

శూలయ్య ముళ్లు ఒక్కొక్కటే వాలాయి. ముళ్లు వాలాక చూస్తే ఆయన కూడా మామూలు ముసలాయనే. గొంతు సవరించుకుని బేరానికి దిగాడు. "సర్లే, వడ్డీలో ఒక గిద్ద తగ్గిస్తాను." గిద్దంటే సోలలో నాలుగో వంతు. చారెడు.

"గిద్దతో నా పిల్లలు వానాకాలం గట్టెక్కరండీ. సోలెడు."

"నీకు తగ్గిస్తే రేపు అందరూ అడుగుతారు!"

"అడగనివ్వండి. సరిగ్గా కట్టేవాళ్లకి తగ్గించండి. సరిగ్గా కట్టేవాళ్లు ఇంకా పెరుగుతారు."

శూలయ్య చాలాసేపు ముక్కు గోక్కున్నాడు. చివరికి అన్నాడు, "సరే. సోలెడే. కానీ ఒక్క పున్నమి తప్పావో, మళ్లీ తవ్వెడు."

"న్యాయంగా ఉంది. ఈ పున్నమికి తవ్వెడు పోశాను కదా, అందులో సోలెడు అసలు కింద జమ వేసుకోండి," అంది నాంచారమ్మ. చూశారా, అంత జరిగినా గింజ కూడా మర్చిపోలేదు!

పని అయింది. ఇక ఇంటికి పోవాలి. చెట్ల మీంచి, రాళ్ల చాటు నుంచి వంద కళ్లు చూస్తున్నాయి. నాంచారమ్మ లేచి నిలబడింది. ఈకలు సర్దుకుంది. శూలయ్యకి వినయంగా తల వంచి, "వస్తానండి," అంది.

వెనక్కి తిరిగింది. ఆయనకి వీపు పెట్టింది. తల ఎత్తుకుని, తన దారి తాను చూసుకుంటూ, ముందుకి నడిచి వెళ్లిపోయింది.

ఒక్క ముల్లు కూడా రాలేదు.

ఆ రాత్రి పొదలో ఎంత సంబరమో! మర్నాడు కుందేలు పోలయ్య చెవులు నిలబెట్టుకుని తాను కూడా అడగడానికి పోయాడు. "నువ్వా? పోయిన నెల పున్నమి వడ్డీ గడువు దాటాక గదా తెచ్చావు. నీ ఇల్లు పట్టుకోకుండా వదిలేసినందుకు సంతోషించు. ముందు వేళకి కట్టు, తర్వాత వచ్చి అడుగు," అన్నాడు శూలయ్య. పోలయ్యకి మొహం మాడిపోయింది. కానీ మాట నాటింది. వానలు తగ్గేదాకా వేళ తప్పకుండా కట్టాడు. మళ్లీ వెళ్లి అడిగాడు. తగ్గింది. అలా ఒకరిని చూసి ఒకరు, వేళకి కట్టి, తల ఎత్తి అడగడం నేర్చుకున్నారు. శూలయ్యకీ నష్టమేం రాలేదు. వాగవతలికి ఒక్కరూ పోలేదు. బొరియలో గింజకి బూజు పట్టలేదు.

ఆ వానలకి నాంచారమ్మ పిల్లలు ఒక్కరూ పస్తుండలేదు. ఎండలు వచ్చాక నాంచారమ్మ ఊరుకోలేదు. సోలెడు వడ్డీ కట్టింది, మిగిలిన సోలెడు అసలు కింద కట్టింది. గంప తరిగింది, తరిగింది, ఒకరోజు తీరిపోయింది. చివరి గింజలు పోయడానికి పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని వెళ్లింది. అప్పటికి వాళ్లకి రెక్కలొచ్చాయి.

శూలయ్య గింజలు చూసుకుని అన్నాడు, "నాంచారమ్మా, ఇన్నేళ్లు ఎందుకు అడగలేదమ్మా? ముందే అడిగి ఉంటే ఈ బాకీ ఎప్పుడో తీరేది కదా."

"అడిగితే మీరు ముళ్లు విసురుతారన్నారండీ."

శూలయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "ముళ్లు విసిరేవాణ్ణయితే ఈ పాటికి ఆ పందికొక్కులాగా బోడిగా ఉండేవాణ్ణి! ఎవరైనా అడుగుతారేమోనని నేనే రోజూ హడలి చచ్చేవాణ్ణి తల్లీ."

నాంచారమ్మ కూడా నవ్వింది. పిల్లల్ని ముందు నడవమంది. పిల్లలు వరసగా, మెడలు నిటారుగా పెట్టుకుని, గుమ్మంలోంచి ముందుకి నడిచారు. వాళ్లకి వెనక్కి నడవడం అంటే ఏంటో తెలియనే తెలియదు. వెనకాల నడుస్తున్న నాంచారమ్మకి వాళ్లని చూసి, గద్ద నీడ లేకుండానే, ఒళ్లంతా ఉబ్బింది. ఆ ఉబ్బడం భయంతో కాదు. ఏంటో మీకు చెప్పక్కర్లేదుగా.

నీతి: బాకీ వేళకి తీర్చేవాళ్లు వడ్డీ తగ్గించమని అడగడం అడుక్కోవడం కాదు. మాట నిలబెట్టుకో, వివరం తెలుసుకో, తల ఎత్తి అడుగు.